వేళ్లు లేని మొక్కను పాతకండి

ప్రశ్న: మాది నిజాంపేట, అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు, ఆరు మోలీలు ఉన్నాయి. ‘దీన్ని చంపుదామన్నా చావదు’ అని చెప్పి దుకాణంలో హార్న్‌వర్ట్ అనే మొక్క ఇచ్చారు. నాలుగు నెలల్లో మూడుసార్లు కొన్నాను. మూడుసార్లూ పది రోజుల్లోపే ఆకులు రాలిపోయి, కాడలు మెత్తబడి కుళ్లిపోయాయి. నేనేమీ అశ్రద్ధ చేయలేదు. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి, తొట్టి, గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి, మొక్క అన్నీ శుభ్రంగా కడిగి, మేము తాగే ఆర్వో నీళ్లే పోస్తున్నాను. కాడలు తేలిపోకుండా రాళ్లలో లోతుగా గుచ్చుతున్నాను. దుకాణదారు ఇప్పుడు లిక్విడ్ కార్బన్ సీసా కొనమంటున్నాడు, కాదంటే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టించమంటున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా తోడికోడలి ఇంట్లో ఇదే మొక్క చేపలు కనబడనంతగా పెరిగింది. ఆమె దాన్ని అసలు పట్టించుకోదు. మా వారు ప్లాస్టిక్ మొక్కలు తెచ్చి పడేద్దామంటున్నారు. పక్కింటి పెద్దావిడేమో మొక్కలు రాత్రిపూట చేపల ఊపిరి తీస్తాయని భయపెడుతున్నారు. నేనేం చేయాలి?

— ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘ఆమె దాన్ని అసలు పట్టించుకోదు’ అని తోడికోడలి గురించి కొంచెం ఉక్రోషంగా రాశారు చూడండి, అదే జవాబు. ఆమె చేతిలో మహిమ ఏమీ లేదు. మీరు ఆదివారం ఆదివారం చేసే పనులేవీ ఆమె చేయడం లేదు, అంతే. ఇలా అన్నానని నొచ్చుకోకండి. మొక్కల గురించి పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నేనే మొదటిసారి ఈ మొక్కను చంపుకున్నాను. ఆ కథ తరువాత చెబుతాను.

ముందు మీరు కొన్న మొక్క ఏమిటో తెలుసుకోండి. దీని శాస్త్రీయ నామం సెరటోఫిల్లం డెమర్సమ్. కొమ్ములాంటి ఆకు గలది, నీట మునిగి ఉండేది అని ఆ పేరుకు అర్థం. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ పెరుగుతుంది. మన చెరువుల్లోనూ ఉంది. ‘నాచు’ అని మనం గంపగుత్తగా పిలిచే వాటిలో ఇదీ ఒకటి, అయితే నిజానికి ఇది నాచు కాదు, పువ్వు పూసే మొక్క. పూత కూడా నీటిలోపలే. మగ పువ్వులోని కేసరాలు తెగి పైకి తేలి పుప్పొడి వదిలితే, అది మెల్లగా కిందికి దిగి ఆడ పువ్వు మీద పడుతుంది. గాలి, తేనెటీగ ఏవీ అక్కరలేదు. పాఠంలో ఎన్నోసార్లు చెప్పాను కానీ మా ఇంటి తొట్టిలో నేను ఇంతవరకు చూడలేదు.

మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. ఈ మొక్కకు వేళ్లు లేవు. మొలిచే రోజు నుంచి కూడా లేవు. కొన్నిసార్లు కింది వైపు తెల్లగా సన్నటి కొమ్మలు బురదలోకి దిగి పట్టు కోసం పనికొస్తాయి, వాటిని చూసి వేళ్లనుకుంటాం. తిండి అంతా ఆకులతోనూ కాడతోనూ నీళ్లలోంచి నేరుగా తీసుకుంటుంది. అలాంటి దాన్ని మీరు గులకరాళ్లలో లోతుగా గుచ్చితే, రాళ్ల కింద ఉన్న భాగానికి వెలుతురు ఉండదు, నీటి కదలిక ఉండదు. అక్కడి ఆకులు ముందు చచ్చి కుళ్లుతాయి. ఆ కుళ్లు కాడ వెంట పైకి పాకుతుంది. ఆదివారం మీరు బయటికి తీసినప్పుడు కింది చివర గోధుమ రంగులో, పట్టుకుంటే జారిపోయేలా ఉండేది కదా? అది పాతిపెట్టడం వల్ల వచ్చిన కుళ్లు. వరి నారు నాటినట్లు, తులసి పెట్టినట్లు నాటాలన్న ఆరాటం మన చేతులకు అలవాటు. ఈ ఒక్క మొక్క దగ్గర ఆ అలవాటు మానండి. నీళ్లలో వదిలేయండి, తేలనివ్వండి. అందం కోసం నిలువుగానే ఉండాలనుకుంటే కింది భాగాన్ని నూలుదారంతో వదులుగా ఒక రాయికి కట్టి దించండి. గాజుకు అంటుకునే రబ్బరు బిళ్లలు దొరుకుతాయి, వాటికి తగిలించినా సరే.

ఒక అనుమానం కూడా తీర్చుకోవాలి. మూడుసార్లలో ఒకసారైనా దుకాణంలో మీకు హార్న్‌వర్ట్ బదులు కబోంబా ఇచ్చి ఉండవచ్చు. చూపుకు రెండూ తోకల్లాగే ఉంటాయి. కబోంబా ఆకులు ఎదురెదురుగా జంటలుగా, చిన్న కాడతో, విసనకర్రలాగా విచ్చుకుని మెత్తగా ఉంటాయి. హార్న్‌వర్ట్ ఆకులకు కాడ ఉండదు. కణుపు చుట్టూ వలయంగా వస్తాయి, ఒక్కొక్కటి ఒకటి రెండుసార్లు చీలుతుంది, అంచుల్లో సన్నటి పళ్లుంటాయి. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. కబోంబా సుకుమారి. దానికి మెత్తటి నీళ్లు (అంటే కాల్షియం లాంటి లవణాలు తక్కువున్నవి), మంచి వెలుతురు కావాలి. మన ఊరి బోరు నీళ్లలో దాన్ని పెంచడం చాలా కష్టం. కొనేటప్పుడు పేరు అడగకండి, నలిపి చూడండి.

ఇక ఆదివారాల సంగతికి వద్దాం. అసలు నష్టం జరుగుతున్నది ఇక్కడే, అందుకే కాస్త విడమరిచి చెబుతాను.

ఒంటితోనే తాగే మొక్కకు చుట్టూ ఉన్న నీళ్లే నేల. రోజా కుండీలో ప్రతి ఆదివారం మట్టంతా తీసేసి, వేళ్లు కడిగి, వేరే ఊరి మట్టి పోస్తే ఆ మొక్క ఎన్నాళ్లుంటుంది? మీరు హార్న్‌వర్ట్‌కు చేస్తున్నది సరిగ్గా అదే. నీటి ఉష్ణోగ్రత, ఉప్పుల మోతాదు, వెలుతురు ఒక్కసారిగా మారితే ఈ మొక్క పాత ఆకులు రాల్చేస్తుంది. దుకాణం తొట్టి నుంచి మీ తొట్టికి వచ్చినప్పుడు ఎలాగూ కొంత రాలుతుంది. అది జబ్బు కాదు, చావూ కాదు. కొత్త నీళ్లకు తగిన కొత్త ఆకులు కొనలో తొడుక్కోవడానికి దానికి పదిహేను రోజులో, నెలో పడుతుంది. మీరు దానికి ఏడు రోజులే ఇస్తున్నారు. ఎనిమిదో రోజున కుళాయి కింద పెట్టి కడిగి, మళ్లీ కొత్త నీళ్లలో వేస్తున్నారు. అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పది రోజుల్లో చచ్చిందని మీరు రాశారు. నా లెక్క ప్రకారం అది చావలేదు, రెండో ఆదివారం దాటలేకపోయింది.

పారేసిన కాడల్లో ఒక్కదానికైనా కొన వద్ద రెండంగుళాలు పచ్చగా మిగిలి ఉందేమో గుర్తు తెచ్చుకోండి. ఉండే ఉంటుంది. నా కథ అదే. కొత్తగా అక్వేరియం పెట్టిన రోజుల్లో నేనూ ఒక గుత్తి తెచ్చాను. వారంలో సూదుల్లాంటి ఆ ఆకులన్నీ రాలి, తొట్టి అడుగంతా సరుగుడు తోపులా అయింది. చిరాకుపడి ఆ బోడి కాడలన్నీ తీసుకెళ్లి డాబా మీద మూలనున్న సిమెంటు గోళెంలో పడేశాను. అందులో నిలవ నీళ్లు తప్ప ఏమీ లేవు. తరువాత నేను ఆ గోళెం వైపే వెళ్లలేదు. వానాకాలం సగం గడిచాక దోమలు పెరుగుతున్నాయని మా ఇంట్లో వాళ్లు పోరితే ఒంపేద్దామని వెళ్లాను. చెయ్యి పెడితే అడుగు తగలలేదు. గోళెం నిండా ముదురాకుపచ్చ దిండులాగా అదే మొక్క! చంపినా చావదని దుకాణదారు మీకు అబద్ధం చెప్పలేదు. రోజూ చంపుతూ ఉంటే మాత్రం ఏదైనా చస్తుంది.

ఆదివారం కడుగుడుతో చేపలకు జరుగుతున్న నష్టం ఇంకా పెద్దది. చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా వచ్చేది అమ్మోనియాయే. చేపకు అది విషం. ఫిల్టర్ స్పాంజి మీద, గులకరాళ్ల మీద కాపురముండే సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తరువాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ కాపురం కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మీరు స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి కింద పిండిన ప్రతిసారీ అది చెదిరిపోతుంది. కడిగిన రెండో రోజో మూడో రోజో నీళ్లు పాలు కలిపినట్లు తెల్లబడుతున్నాయా? మీరు రాయలేదు కానీ తెల్లబడే ఉంటాయని నా నమ్మకం. మురికిగా ఉన్నాయని మీరు మళ్లీ కడుగుతారు. ఎంత కడిగితే అంత తెల్లబడతాయి.

ఈ మొక్క విలువ ఇక్కడే తెలుస్తుంది. హార్న్‌వర్ట్ అమ్మోనియాను నేరుగా పీల్చుకుని ఒళ్లు పెంచుకుంటుంది. నైట్రేట్‌నూ తింటుంది. చేప వదిలిన మలినమంతా దానికి భోజనం. అందుకే వేగంగా పెరుగుతుంది, అందుకే అది పెరిగే తొట్టిలో గాజు మీద పాకుడు తక్కువగా కనిపిస్తుంది. పాకుడు తినాల్సిన తిండిని ఇది ముందే తినేస్తుంది మరి. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ శైవలాల పెరుగుదలను తగ్గించే పదార్థాలను కూడా ఇది నీళ్లలోకి వదులుతుందని ప్రయోగశాలల్లో గమనించారు. ఇంటి తొట్టిలో దాని వాటా ఎంతో చెప్పడం కష్టం, తిండి లాక్కోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

అయితే ఒక మాట చాలామంది మరచిపోతారు, బహుశా మీ తోడికోడలు కూడా. మొక్క మలినాన్ని మాయం చేయదు. తన ఒంట్లో దాచుకుంటుంది. అది తొట్టిలో ఉన్నంతకాలం మలినమూ తొట్టిలోనే ఉన్నట్లు. కింది ఆకులు ముదిరి రాలి కుళ్లితే దాచినదంతా తిరిగి నీళ్లలోకే వస్తుంది. మీరు కత్తెరతో కోసి బయటికి తీసినప్పుడే ఆ అమ్మోనియా నిజంగా ఇల్లు దాటుతుంది. కాబట్టి మీ శుభ్రత పిచ్చిని (మా ఇంట్లోనూ ఆ పిచ్చి ఉంది, అందుకే ధైర్యంగా అంటున్నాను) బకెట్టు మీద నుంచి కత్తెర మీదకు మళ్లించండి. రెండు వారాలకోసారి మూడో వంతు కోసెయ్యండి. కోసేటప్పుడు పై కొనలు ఉంచుకుని కింది ముదురు భాగాన్ని పారేయండి. మనం తోటలో కొమ్మలు కత్తిరించినట్లు పైన కోస్తే, మిగిలేది బోడి కాడే.

నీళ్ల విషయానికి వస్తే మీరు ఎంతో ప్రేమగా పోస్తున్న ఆర్వో నీళ్లే ఇక్కడ అసలు లోపం. ఆర్వో యంత్రం నీళ్లలోంచి కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్లు దాదాపు అన్నీ తీసేస్తుంది. మనకు అన్నం, పప్పు, కూరల్లో అవి దొరుకుతాయి. నీళ్లనే తిని బతికే మొక్కకు ఇంకెక్కడ దొరుకుతాయి? పైగా మోలీలు గట్టి నీళ్లను, అంటే ఈ లవణాలు ఎక్కువున్న నీళ్లను, ఇష్టపడే చేపలు. గోల్డ్‌ఫిష్ కూడా గట్టి నీళ్లలో హాయిగా ఉంటుంది. అంటే మీ తొట్టిలో ఉన్న ఏ ప్రాణీ ఆర్వో నీళ్లు అడగలేదు.

హైదరాబాదులో నీళ్లంటే ఒక్క రకం కాదు కదా. పాతకాలం వాళ్లం ఇప్పటికీ కుళాయి నీళ్లన్నిటినీ మంజీరా నీళ్లనే అంటాం. కానీ ఇప్పుడు నగరానికి మంజీరా, సింగూరుతో పాటు నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి కూడా వస్తున్నాయి. మీ అపార్ట్‌మెంటు సంపులో వీటికి తోడు బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు కలుస్తూ ఉంటాయి. ఏ నెలలో ఏది ఎంత కలుస్తున్నదో వాచ్‌మన్‌ను అడగండి, అందరికన్నా అతనికే బాగా తెలుస్తుంది. నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ యంత్రం ఉందేమో కూడా అడగండి. అది కాల్షియం తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది, తొట్టికి మంచిది కాదు. ఉంటే, యంత్రంలోకి వెళ్లకముందు ఉండే కుళాయి ఎక్కడుందో కనుక్కోండి.

బోరు నీళ్లు అనగానే ముఖం చిట్లించకండి. కుళాయిల మీద తెల్లటి పొక్కు కట్టి, గీజరు పాడుచేసి, జుట్టు రాలుతోందని మనతో తిట్లు తినే ఆ నీళ్లే హార్న్‌వర్ట్‌కు విందు. గట్టి నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువగా ఉంటాయి. చాలా మొక్కలు నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే వాడుకోగలవు. ఇది మాత్రం బైకార్బనేట్ల నుంచి కూడా కర్బనాన్ని తీసుకోగలదు. కాబట్టి సిలిండరు మాట మరచిపోండి. అది పెట్టుకోవలసిన మొక్కలు వేరే ఉన్నాయి, అవి మీ రెండడుగుల తొట్టిలో లేవు.

లిక్విడ్ కార్బన్ సీసా సంగతి ఇంకా గట్టిగా చెబుతాను, కొనవద్దు. ఆ పేరుతో అమ్మే చాలా సీసాల్లో ఉండేది గ్లూటరాల్డిహైడ్. ఆసుపత్రుల్లో పరికరాలను క్రిమిరహితం చేయడానికి వాడే రసాయనం అది. గట్టి మొక్కలు కొంత మోతాదు వరకు తట్టుకుంటాయి. హార్న్‌వర్ట్, వాలిస్నేరియా లాంటివి తట్టుకోలేవు, కరిగిపోతాయి. మీ మొక్క ఆకులు రాలుస్తోందని ఆ మందు పోస్తే గోరుచుట్టు మీద రోకలిపోటే. దుకాణదారును నేను తప్పుపట్టడం లేదు, అమ్మే సీసా మీద ఏమి రాసి ఉంటే అదే చెబుతాడు పాపం. చేపలకు జబ్బు చేసినప్పుడు వేసే మందుల్లో రాగి ఉన్నవీ ఈ మొక్కకు సరిపడవు. కల్లుప్పు చిటికెడు పడితే తట్టుకుంటుంది, గుప్పెళ్లు పోస్తే తట్టుకోదు. చికిత్స చేయాల్సి వస్తే చేపను వేరే బకెట్టులోకి మార్చి చేయండి.

పక్కింటి పెద్దావిడ మాటను కొట్టిపారేయకండి. రాత్రి చింతచెట్టు కింద పడుకోవద్దని మన పెద్దలు దయ్యాల పేరు పెట్టి భయపెట్టేవారు. చెట్టు రాత్రిపూట ఆక్సిజన్ తీసుకుంటుందన్నది నిజమే, కానీ ఆరుబయట గాలి ఎంతో ఉంటుంది కాబట్టి మనకు వచ్చే ముప్పు లేదు. తొట్టిలో మాత్రం గాలికి కొరత. చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి, వేడెక్కే కొద్దీ తక్కువ. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. మన మే నెలలో మూడో అంతస్తు ఫ్లాటులో తొట్టి నీళ్లు 30 దాటడం మామూలే. నిండా మొక్క, ఇరుకుగా చేపలు, పైగా రాత్రి కరెంటు పోయి గాలి పంపు ఆగితే, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకని పంపు పగలు ఆపినా ఆపండి కానీ రాత్రి ఆపకండి. మొక్కను నీటి పైభాగంలో సగానికి మించి పరుచుకోనివ్వకండి. పై ముఖం మూసుకుపోతే గాలి లోపలికి దిగే దారి ఉండదు, కింద వెలుతురూ ఉండదు. మీ తోడికోడలి ఇంట్లో చేపలే కనబడడం లేదని రాశారు. ఆవిడకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి, ఎండాకాలం రాకముందే.

పగటి సంగతి చెప్పాలంటే, హైడ్రిల్లా కొమ్మను గాజు గరాటు కింద పెట్టి, పైన నీళ్లు నింపిన పరీక్షనాళిక బోర్లించి ఎండలో ఉంచిన ప్రయోగం మీకు బడిలో చూపించే ఉంటారు. కాడ నుంచి బుడగలు వరుసగా పైకి లేచేవి. ఆ హైడ్రిల్లా కూడా ఇలాంటి మొండి మొక్కే. మన దగ్గర ప్రయోగశాలలో పాఠం చెప్పే ఆ అమాయకురాలు 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడా చేరి, అక్కడి చెరువులూ కాలువలూ పూడ్చే కలుపుగా పేరు తెచ్చుకుంది. మీ హార్న్‌వర్ట్ మీద కూడా మంచి వెలుతురు ఉన్న మధ్యాహ్నం అలాంటి బుడగలు కనిపిస్తే సంతోషించండి. కొత్త నీళ్లు పోసిన వెంటనే కనబడే బుడగలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అవి కుళాయి నీళ్లలో కరిగి వచ్చిన గాలి.

మీ వారి ప్లాస్టిక్ మొక్కల గురించి చెప్పేదేముంది, అవి అమ్మోనియా తినవు. వారానికోసారి తోమాలి కూడా.

చేపల లెక్క మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. రెండడుగుల తొట్టిలో గులకరాళ్లు, పై ఖాళీ పోను నలభై అయిదు, యాభై లీటర్ల నీళ్లుంటాయి. మూడు గోల్డ్‌ఫిష్‌లకు అది ఇరుకు. అవి తినేదీ ఎక్కువే, విసర్జించేదీ ఎక్కువే. పెద్ద తొట్టి ఉన్నవారెవరికైనా రెండింటిని ఇచ్చేయగలిగితే మంచిది. ఇవ్వడానికి మనసొప్పకపోతే మేత తగ్గించండి. రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకు ఒకసారి చాలు. గోల్డ్‌ఫిష్ మొక్కలను కొరుకుతుందని, పెకిలిస్తుందని అంటారు, నిజమే. కానీ గరగరలాడే హార్న్‌వర్ట్‌ను పెద్దగా ఇష్టపడదు, ఇక పెకిలించడానికి వేళ్లే లేవు. గోల్డ్‌ఫిష్ ఉన్నవారికి నేను ఈ మొక్కనే చెప్పడానికి కారణం అదే.

నాలుగోసారి దుకాణానికి వెళ్లకండి. తోడికోడలి ఇంటికి వెళ్లండి. మొహమాటపడకుండా అడిగి, జానెడు పొడవున్న పచ్చటి కొనలు ఎనిమిదో పదో తెచ్చుకోండి. ఆమె తొట్టి నీళ్లలోనే, కవరులో పెట్టి తీసుకురండి. ఎండలో బండి మీద ఉంచి మధ్యలో బజారు పనులు పెట్టుకోవద్దు, నిజాంపేట చేరేసరికి ఉడికిపోతాయి. ఇంటికి వచ్చాక కవరును అరగంట తొట్టిలో తేలనిచ్చి, తరువాత కొనలను నీళ్లలో వదలండి. నత్తల భయం ఉంటే ముందు లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో అయిదు నిమిషాలు ముంచి కడగవచ్చు, కానీ నత్త గుడ్లన్నీ దానితో చావవు. బ్లీచింగ్ జోలికి వెళ్లవద్దు, మొక్కే చస్తుంది. చెరువు నుంచి కోసి తెచ్చుకుందామన్న ఆలోచన అసలే వద్దు. ఈ మొక్కకు భారలోహాలను కూడా ఒంట్లో దాచుకునే గుణం ఉంది. మురుగు కలిసే మన నగర చెరువుల్లో అది ఏమేమి దాచుకుని ఉంటుందో ఊహించుకోండి.

వచ్చే ఆదివారం నుంచి చేయవలసింది ఇంతే. తొట్టిని కడగకండి. పావు వంతు నీళ్లు, అంటే ఒక చిన్న బకెట్టుడు మాత్రమే తీసి, అంతే కొత్త నీళ్లు పోయండి. ఇప్పటికే తొట్టినిండా ఆర్వో నీళ్లున్నాయి కాబట్టి ఒక్కసారిగా మార్చకుండా, వారం వారం ఈ పావు వంతుతోనే కుళాయి నీళ్లకు మారండి. పోసే నీళ్లను ముందు రోజే బకెట్టులో పట్టి మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, లేదంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. స్పాంజి మురికిపడితే, తీసిన తొట్టి నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. పడమటి కిటికీ ఎండ నేరుగా తగలనివ్వకండి. మొదటి రెండు వారాలు సూదులు రాలుతాయి. వాటిని మాత్రం చిన్న వలతో తోడెయ్యండి, లేకపోతే ఫిల్టరుకు అడ్డం పడతాయి. కాడలను ముట్టుకోకండి. చెయ్యి ఊరుకోకపోతే ఆ ఆదివారం గీజరు మీద పొక్కు గీకండి.

మూడో వారం కొనల వద్ద లేత ఆకుపచ్చ గుత్తి కనిపించాలి. అది కనిపించిన తరువాత మీ బాధ మొదలవుతుంది, ఎందుకంటే ఇక ఆగదు. కోసిన కాడలను ఎక్కడ వేయాలన్నది అప్పుడు వచ్చే ప్రశ్న, ఇప్పుడే చెప్పేస్తున్నాను. నాలాలో గానీ, చెరువులో గానీ వేయకండి. అంగుళం ముక్క చాలు, మళ్లీ మొక్క అవుతుంది. దానితోపాటు మీ తొట్టిలోని నత్తలూ, మోలీ పిల్లలూ కూడా చెరువు చేరతాయి. హుస్సేన్‌సాగర్, మూసీల మీద పరుచుకునే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి పూల అందం చూసి తెచ్చుకున్న మొక్కే. కోసిన హార్న్‌వర్ట్‌ను బాల్కనీలో ఒకరోజు ఎండబెట్టి కరివేపాకు కుండీలో మట్టి మీద పరచండి. చేపల అమ్మోనియా అంతా అందులోనే ఉంది, కరివేపాకు కాదనదు.